బడి పనులు నెలన్నరలో అయ్యాయి, బిల్లుకు ఏడాది పట్టింది: నా అనుభవం

2024 జూన్‌లో మా ఊరి బడి రిపేర్లు పూర్తి చేశాం. పైసలు చాలా వరకు చేతికొచ్చేసరికి 2025 జూన్ అయింది. ఈ మధ్యలో కాగితం ఎక్కడెక్కడ ఆగుతుందో, ఎవరిని ఏం అడగాలో నాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా. మీరు గ్రామైక్య సంఘం (ఊళ్లోని ఆడవాళ్ల పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) అధ్యక్షురాలైతే, లేదా మీ ఇంట్లో అమ్మో వదినో ఆ పదవిలో ఉంటే, బడి పని ఒప్పుకునే ముందు దీన్ని ఓపిగ్గా చదవండి.

మాది నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఒక చిన్న ఊరు. ఒకటి నుంచి ఐదు దాకా ప్రాథమిక పాఠశాల. అప్పుడు పిల్లలు 84 మంది, టీచర్లు ఇద్దరు. పక్కనున్న రెండు తండాల పిల్లలు కూడా ఇక్కడికే వస్తారు. నేను ఇంటర్ దాకా చదివాను, ఇంట్లో మిషన్ కుడతాను, రెండెకరాల పత్తి ఉంది. నా చిన్న బిడ్డ ఇదే బళ్లో చదువుతోంది.

2024 మార్చిలో తెలంగాణ సర్కారు బడి పనులు చేయించేందుకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసింది. వీవో, అంటే గ్రామైక్య సంఘం, అధ్యక్షురాలు చైర్‌పర్సన్, బడి హెచ్ఎం (హెడ్మాస్టర్) మెంబర్ కన్వీనర్. మా ఊళ్లో ఆ అధ్యక్షురాలిని నేనే. అంటే నేను కావాలని అడిగింది కాదు, సంఘం పదవితో పాటు వచ్చింది. తాగునీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్నచిన్న రిపేర్లు, ఇవన్నీ జూన్‌లో బడి తెరిచేలోపు అయిపోవాలని మీటింగులో చెప్పారు. అడ్వాన్స్‌గా 25 శాతం ఇస్తాం, మిగతాది పనయ్యాక అన్నారు.

ఇంట్లో మొదటి గొడవ ఆ రోజే. మా ఆయన వద్దంటే వద్దన్నాడు. ఎందుకంటే పక్క ఊళ్లో ఎస్ఎంసీ (స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ) చైర్మన్‌గా చేసిన అన్న మాకు దగ్గరివాడే. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలుపెట్టిన మన ఊరు మన బడి అనే బడి రిపేర్ల పథకంలో ఆయన పనులు చేయించాడు. ఆ పథకం మొత్తం ఖర్చు 7,289 కోట్లు అని అప్పట్లో పేపర్లలో చదివాం. ఆయన బిల్లులో సగం మాత్రం 2024 వేసవి నాటికి కూడా చేతికి రాలేదు. ట్రాక్టర్ అమ్ముకున్నాడు. "ఆయనను చూసి కూడా నువ్వు సంతకం పెడతావా?" అన్నాడు మా ఆయన.

అయినా పెట్టాను. కారణం బడి బాత్‌రూములు. ఆడపిల్లల వైపు రెండు ఉండేవి, రెండింటికీ తలుపులు లేవు. ఒకదానికి ఎవరో పాత చీర కట్టారు. నీళ్లు రావు. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు ఇంటర్వెల్‌కు ఇంటికి పోతారు, ఊళ్లో వాళ్లయితే తిరిగి వస్తారు, తండా పిల్లలు పోతే ఇక మళ్లీ రారు. నా బిడ్డ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగేది కాదు. ఎందుకు తాగవే అంటే బడికి పోతున్నా కదా అనేది. ఎనిమిదేళ్ల పిల్ల నోట ఆ మాట విన్నాక ఏ తల్లి అయినా సంతకం పెడుతుంది.

ముందు బ్యాంకు ఖాతా. చైర్‌పర్సన్, కన్వీనర్ ఇద్దరి పేర్ల మీద జాయింట్ ఖాతా తెరవాలి. తీర్మానం కాపీ, ఇద్దరి ఆధార్లు, ఫొటోలు తీసుకుపోయాం. తీర్మానంలో ఇద్దరి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే లేవని మొదట తిప్పి పంపారు. మార్చి నెలాఖరు, బ్యాంకులో ఎవరికీ తీరిక లేదు. ఏప్రిల్ మొదటి వారంలో ఖాతా నంబర్ చేతికొచ్చింది.

తర్వాత ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) సార్ వచ్చి టేపు పట్టి కొలిచి ఎస్టిమేట్ వేశారు. బాత్‌రూములకు కొత్త తలుపులు, గచ్చు, పైపులు, ఒక ప్లాస్టిక్ ట్యాంకు, చేతులు కడుక్కునే నల్లాలు, రెండు గదులకు వైరింగ్, ఫ్యాన్లు, ఒక గదికి ఫ్లోరింగ్. అన్నీ కలిపి 3,12,000. అందులో 25 శాతం, అంటే 78,000 ఏప్రిల్ చివర్లో ఖాతాలో పడింది. అడ్వాన్స్ చెప్పిన టైముకే వచ్చింది, అందుకే మిగతాది కూడా ఇలాగే వస్తుందని గట్టిగా అనిపించింది.

ఎస్టిమేట్ గురించి ఒక మాట. అందులో ఉండేది సర్కారు రేటు, మన బజారు రేటు కాదు. మాకు ఇసుక దూరం నుంచి రావాలి, ట్రాక్టర్ వాళ్లు అడిగిందానికీ ఎస్టిమేట్‌లో ఉన్నదానికీ పొంతన లేదు. నీళ్ల సంగతి అసలు అందులో లేనేలేదు. ఆ ఎండాకాలం మా వైపు బోర్లన్నీ ఎండిపోయాయి. గచ్చు పోశాక తడపకపోతే పగుళ్లు వస్తాయి, తడపడానికి బళ్లో చుక్క నీళ్లు లేవు. ట్యాంకర్ పిలిపించాల్సి వచ్చింది. నీళ్ల ట్యాంకర్లకు దగ్గర దగ్గర 6 వేలు, ఇసుక మీద అదనంగా 8 వేలు, ఈ 14 వేలు ఏ కాగితంలోనూ ఎక్కలేదు. మీ ఊళ్లో ఎస్టిమేట్ వేసేటప్పుడు పక్కనే నిలబడి ఇసుక ఎక్కడి నుంచి తేవాలి, నీళ్లు ఎక్కడివి అని అడగండి. ఒకసారి సంతకం అయ్యాక అది మారదు.

పని మొదలుపెట్టింది ఏప్రిల్ 28 ప్రాంతంలో. పది రోజులు బాగానే నడిచింది. మే 13న పార్లమెంటు ఎన్నికల పోలింగ్. మా బడే పోలింగ్ బూత్. సామానంతా గదుల్లోంచి తీసి బయట పెట్టాలన్నారు. తవ్విన పైపు గుంత పూడ్చాలన్నారు, ఓటు వేయడానికి ముసలివాళ్లు వస్తారు కదా, వాళ్లు చెప్పింది న్యాయమే. ముందు రోజు రాత్రి ఎన్నికల సిబ్బంది వచ్చి అక్కడే పడుకున్నారు. నీళ్లు లేక వాళ్లు కూడా మా ఇంటికే బకెట్లు పట్టుకుని వచ్చారు. పూడ్చిన గుంత మళ్లీ తవ్వే కూలీ మా మీదే పడింది. ఈలోపు మేస్త్రీ కొండమల్లేపల్లిలో వేరే ఇంటి పని పట్టాడు. వాళ్లింటికి పోయి, వాళ్ల అమ్మతో చెప్పించి, రోజుకు 900 కూలీ 1,000 చేసి వెనక్కి తెచ్చుకున్నాం.

అది అయ్యిందో లేదో మే 27న వరంగల్, ఖమ్మం, నల్గొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక. ఏఈ సార్‌కు ఆ డ్యూటీ కూడా పడింది. ఇక్కడ ఒక కిటుకు ఉంది, జాగ్రత్తగా వినండి. నేల కింద పోయే పైపులు, గోడలో పోయే వైరింగ్ పైపులు కప్పేయకముందే కొలత తీసుకోవాలి. కప్పేశాక ఎన్ని మీటర్లు వేశారో ఎవరికీ తెలియదు. ఆయన వచ్చేదాకా ఆగితే జూన్ దాటిపోతుంది. మా హెచ్ఎం సార్ తెలివైనవారు, టేపు పక్కన పెట్టి, తేదీ కనపడేట్టు, ఒక్కో పైపుకు ఫోన్‌లో ఫొటో తీశారు. గుంత తవ్వినప్పుడు, పైపు పెట్టినప్పుడు, పూడ్చాక. పని మొదలుకాకముందు ఉన్న చీర కట్టిన బాత్‌రూము ఫొటో కూడా ఆయన దగ్గర ఉంది. ఆ ఫొటోలే తర్వాత మమ్మల్ని కాపాడాయి.

పైసల సంగతి. 78 వేలు రెండు వారాల్లో అయిపోయాయి. పని మధ్యలో ఆపితే బడి తెరిచే రోజుకు బాత్‌రూములు కూల్చినట్టే ఉంటాయి, ఫ్లోర్ సగం తవ్వి ఉంటుంది. ఆపలేం. మా చిన్న పొదుపు సంఘంలో నా పేరు మీద 50 వేలు లోన్ తీసుకున్నా. మా పెద్దమ్మ కొడుకు దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తికి లక్ష తెచ్చాను. షాపు సేటు 52 వేల సామాను ఉద్దెర ఇచ్చాడు. మేస్త్రీకి, కూలీలకు కలిపి 30 వేలు బాకీ పెట్టాం. మొత్తం 3,10,000 ఖర్చయింది. అంటే అడ్వాన్స్ పోను ఆ బడికి ఆ ఎండాకాలం అప్పు ఇచ్చింది నేను, మేస్త్రీ, సేటు, మా పెద్దమ్మ కొడుకు. కోట్ల లెక్కలు హైదరాబాద్‌లో ఉంటాయి, ఊళ్లో మాత్రం పని ఇలాగే నడుస్తుంది.

అదే ఎండాకాలం మా సంఘం ఆడవాళ్లమే బడి యూనిఫామ్‌లు కూడా కుట్టాం, జతకు 75 రూపాయలు. పగలు బడి దగ్గర నిలబడటం, రాత్రి మిషన్ ముందు కూర్చోవడం. ఒళ్లు హూనమైంది కానీ జూన్ 10 నాటికి పని అయిపోయింది.

జూన్ 12న బడి తెరిచారు. ఆ రోజు నేను పొద్దున్నే పోయాను. ఐదో తరగతి పిల్లలు నలుగురు బాత్‌రూము తలుపు తీయడం, గడియ పెట్టడం, మళ్లీ తీయడం, ఒకటే నవ్వులు. తండా నుంచి వచ్చే ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి "అక్కా, ఇది మాకేనా, సార్లకా?" అని అడిగింది. మీకే బిడ్డా అన్నాను. ఆ తర్వాత ఏడాదంతా ఎన్ని మాటలు పడ్డా ఈ పని ఎందుకు చేశానా అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు, దానికి కారణం ఆ ఒక్క మాటే.

కష్టాలు అక్కడి నుంచి మొదలయ్యాయి.

జూన్ నెలలోనే టీచర్ల ప్రమోషన్లు, బదిలీలు జరిగాయి. ఎన్నో ఏళ్లుగా ఆగిపోయినవి, టీచర్లకు అది పండగ, వాళ్ల సంతోషాన్ని తప్పుపట్టను. మా హెచ్ఎం సార్‌కు స్కూల్ అసిస్టెంట్‌గా ప్రమోషన్ వచ్చింది, వేరే మండలం హైస్కూల్‌కు వెళ్లిపోయారు. ఆయన పోయాక ఖాతాలో కన్వీనర్ సంతకం మార్చాలి. దానికి కొత్త తీర్మానం, కొత్త సార్ ఆర్డర్ కాపీ, మళ్లీ బ్యాంకు. కొత్త సార్ మంచివారే, కానీ పనులు ఆయన చూడలేదు, చూడని పనికి సంతకం ఎలా పెడతానని భయపడ్డారు. ఆయన భయం కూడా నిజమే, రేపు ఆడిట్‌లో అడిగితే ఆయనే కదా చెప్పాలి. పాత సార్ ఫోన్‌లో అన్నీ వివరంగా చెప్పి, ఫొటోలన్నీ పంపాక ఒప్పుకున్నారు. సంతకాలు మారేసరికి జులై చివరికి వచ్చింది.

ఎంబీ (పని కొలతలు ఎక్కించే పుస్తకం) రాయడానికి ఆగస్టు పట్టింది. ఏఈ సార్ ఒక్కరికే మూడు మండలాలు. ఎంబీలో వచ్చింది 2,96,000. ఇది విన్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు. మేము పెట్టినదాని కంటే 14 వేలు తగ్గింది, నీళ్లకూ ఇసుకకూ పోయింది ఎంతో సరిగ్గా అంత. పైగా బిల్లులో కోతలు ఉంటాయని అప్పుడే తెలిసింది. లేబర్ సెస్సు, ఇంకా ఏవేవో కలిపి మాకు 9 వేల దాకా పోయాయి.

ఆగస్టులోనే ఇంకో జీఓ వచ్చింది, బడి ఊడ్చేందుకు, బాత్‌రూములు కడిగేందుకు ప్రతి నెలా పైసలు ఇస్తామని. 30 మంది లోపు పిల్లలుంటే 3 వేలు, 31 నుంచి 100 దాకా 6 వేలు, 101 నుంచి 250 దాకా 8 వేలు, ఇలా పెరుగుతుంది. మాది 84 కాబట్టి 6 వేలు. ఇది నిజంగా మంచి పని, అంతకుముందు పంచాయతీ మనిషి వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. పెట్టుకోవాల్సింది మాత్రం మళ్లీ మా కమిటీయే. ఒక వదినను పెట్టాం. ఆమెకు మొదటి జీతం ఆలస్యమైతే ఆమె ఎవరినీ అడగదు, నన్నే అడుగుతుంది, ఎందుకంటే పిలిచింది నేను. సెప్టెంబర్ 5న సర్కారు బడులకు ఉచిత కరెంటు అన్నారు, అది కూడా మంచిదే. అంతకుముందు కరెంటు బిల్లు, రిజిస్టర్లు, చాక్‌పీసులు అన్నీ ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్‌లోంచే కట్టాలి, మా సైజు బడికి అది 25 వేలు. ఫ్యాన్లు మేమే పెట్టించాం, తిప్పితే బిల్లు ఎవరు కట్టాలని సార్లు భయపడే బాధ తప్పింది.

మధ్యాహ్న భోజనం వండే అక్కది కూడా నా కథే, కాకపోతే ఆమెకు ప్రతి నెలా ఇదే. బియ్యం సర్కారువి. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామానుకు అప్పట్లో ఒక్కో పిల్లకు 5 రూపాయల 45 పైసలు, 84 మందికి రోజుకు 460 కూడా కాదు. గుడ్లకు వేరే ఇస్తారు కానీ ముందు షాపులో ఉద్దెర ఆమే తేవాలి. 2024 డిసెంబర్ నుంచి కేంద్రం ఆ రేటును 6.19కి పెంచింది. టమాటా రేటు పెరిగిన నెలలో ఆమె సొంత పెరట్లో సొరకాయలు తెచ్చి వండింది. బిల్లు కోసం ఆఫీసుల దగ్గర ఎదురుచూసేటప్పుడు ఇద్దరం ఒకే చెట్టు కింద కూర్చునేవాళ్లం.

బిల్లు సెప్టెంబర్‌లో పైకి పోయింది. అక్టోబర్ మొదటి వారంలో, బతుకమ్మ రోజుల్లో, 90 వేలు పడ్డాయి. ఆ మెసేజ్ చూసి ఏడ్చాను. దసరా 12న. పండగకు ముందే మేస్త్రీకి 30 వేలు, సేటుకు 52 వేలు ఇచ్చేశాను, మిగిలిన 8 వేలు సంఘం లోన్‌కు కట్టాను. మేస్త్రీ జూన్ నుంచి మా గల్లీలోంచి పోయేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు, అడగలేక. అడగనివాడి బాకీ మనసును ఎక్కువ పీకుతుంది. పైసలు చేతిలో పెట్టాక "అక్కా, దేవరకొండలో నా ఫోన్ రిపేర్ చేయించుకున్నా చాలు" అన్నాడు. అన్ని నెలలు ఆయన ఫోన్ పాడై ఉందని కూడా నాకు తెలియదు.

మిగతా లక్షా పైచిలుకు కోసం ఆ తర్వాత ఎనిమిది నెలలు పట్టింది.

అక్టోబర్‌లో మా బడికి డీఎస్సీలో వచ్చిన కొత్త మేడం చేరారు. అదో పెద్ద సంతోషం, ముగ్గురు టీచర్లయ్యారు. కానీ నవంబర్ 6 నుంచి ఇంటింటి కులగణన సర్వే. ప్రాథమిక బడుల టీచర్లను అందులో వేశారు, బడి ఒంటి గంట దాకే. పత్తి ఏరే కాలం, అసలే పిల్లలు సగం మంది చేన్లలో ఉంటారు, మధ్యాహ్నం బడి లేదంటే మిగతా సగం కూడా అక్కడికే పోయారు. సార్‌ను ఆఫీసుకు వెళ్దామంటే సర్వే ఫారాలు చూపించేవారు. డిసెంబర్‌లో సమగ్ర శిక్ష పథకం కాంట్రాక్టు ఉద్యోగులు సమ్మెకు దిగారు, జనవరి మొదటి వారం దాకా. మండలంలో ఆన్‌లైన్ పని చేసే ఆపరేటర్లు, సీఆర్పీలు (క్లస్టర్ రిసోర్స్ పర్సన్లు) అందరూ వాళ్లే. వాళ్లను నేను ఒక్క మాట అనను, చాలీచాలని జీతాలతో ఏళ్ల తరబడి చేస్తున్నారు. కానీ ఆ నెల మా కాగితం కదలలేదు. సర్పంచ్ ఉంటే పోయి గట్టిగా అడిగేవాడేమో. 2024 ఫిబ్రవరి నుంచి అప్పటిదాకా మా ఊళ్లో సర్పంచే లేడు, పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్ పాలన నడిచేది.

నెలకు 2 వేలు మిత్తి కట్టేదాన్ని. మిషన్ కుట్టిన పైసలన్నీ దానికే. సంక్రాంతికి పిల్లలకు బట్టలు కొనలేదు, నేనే పాత చీర కత్తిరించి కుట్టాను. మా ఆయన ఏమీ అనలేదు. ఆయన అనకపోవడం తిట్టడం కంటే కష్టంగా ఉండేది.

ఫిబ్రవరిలో తెలిసింది, ఫైలు వెనక్కి వచ్చిందని. వినియోగ పత్రంలో (పైసలు పనికే ఖర్చుపెట్టామని ఇచ్చే కాగితం) పనులు జరిగిన తేదీలు పాత సార్ ఉన్నప్పటివి, సంతకం కొత్త సార్‌ది, ఇద్దరివీ కావాలట. ఈ మాట ఫైలు చూసిన రోజే చెప్పొచ్చు. ఎవరూ ఫోన్ చేయలేదు, మేము పోయి అడిగితే బీరువాలోంచి తీసి చూపించారు. పాత సార్ ఆదివారం పూట బండి మీద అంత దూరం వచ్చి సంతకం పెట్టి, టీ కూడా తాగకుండా పోయారు. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో చెప్పుకుందామంటే ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల కోడ్, ఫిబ్రవరి 27న పోలింగ్, అప్పటిదాకా ప్రజావాణి లేదన్నారు.

మార్చి 31 అందరికన్నా పెద్ద టెన్షన్. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పాస్ కాకపోతే మళ్లీ మొదటికి వస్తుందని భయపెట్టారు. పాస్ కాలేదు. ఏప్రిల్ 1న నేను వంట కూడా చేయలేదు. పక్క ఊరి అన్న గుర్తొచ్చాడు.

అప్పుడు కొత్త మేడం ఒక సలహా ఇచ్చారు, సమాచార హక్కు కింద అడగండి అని. మండల స్థాయి ఆఫీసులో అయితే ఫీజు 5 రూపాయలే, ఊరి స్థాయిలో అసలు లేదు, పైన ఆఫీసుల్లో 10. తెల్ల కాగితం మీద మూడే ప్రశ్నలు రాశాం: మా బడి బిల్లు ఈ రోజు ఎవరి దగ్గర ఉంది, ఎందుకు ఆగింది, ఇంకా ఏ కాగితం కావాలి. రసీదు తీసుకోవడం మరిచిపోకండి, తేదీ, ముద్ర ఉండాలి. చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గడువుకు రెండు మూడు రోజుల ముందు వచ్చింది. జవాబు ఒక్క లైను: ఫ్లోరింగ్ పనికి ముందు, తర్వాత ఫొటోలు జతచేయలేదు. ఆ ఫొటోలు మేము సెప్టెంబర్‌లోనే ఇచ్చాం, ఎక్కడో ఊడిపోయాయి. ఆఫీసుల దగ్గర అన్ని నెలలు తిరిగినా తెలియనిది 5 రూపాయల కాగితంతో తెలిసింది. అదే రోజు ఫొటోలు మళ్లీ ప్రింట్ తీయించి ఇచ్చాం. ఈసారి మా కాపీ మీద ముద్ర వేయించుకున్నాం.

మేలో ఒక సోమవారం నల్గొండ కలెక్టరేట్‌కు ప్రజావాణికి పోయాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ కాబట్టి పోగలిగాను, లేకపోతే ఆ ఖర్చు కూడా నా మీదే. మా వంట అక్క కూడా వచ్చింది. పొద్దున పోతే మధ్యాహ్నానికి వంతు వచ్చింది. లోపల మాట్లాడింది రెండు నిమిషాలు. భయం వేసింది కానీ జవాబు కాగితం, ఫొటోలు, ఎంబీ కాపీ వరసగా పెట్టుకుని పోయాను కాబట్టి చెప్పాల్సింది చెప్పగలిగాను. అర్జీ మీద రాసి కింది ఆఫీసుకు పంపారు. ఫలానా తేదీకి ఇస్తామని ఎవరూ అనలేదు.

జూన్ రెండో వారంలో 1,08,000 పడ్డాయి. లక్ష అసలు మా పెద్దమ్మ కొడుక్కు ఇచ్చేశాను. కాగితం చింపేశాడు. ఏడాది మిత్తి 24 వేలు నా జేబులోంచి పోయాయి, అది ఎవరూ ఇవ్వరు, ఏ రూల్‌లోనూ దానికి చోటు లేదు. నేను పెట్టించిన 3,10,000లో నాకు వచ్చింది 2,76,000. మిగిలిన 34 వేలల్లో 11 వేలు ఇంకా పెండింగ్, మిగతావి కోతలకు, ఇసుకకు, నీళ్లకు పోయినట్టే. సంఘం లోన్ నేనే వాయిదాల మీద కట్టుకుంటున్నా.

నేను ఇవన్నీ రాస్తున్నది పథకం వద్దని కాదు. ఊరి ఆడవాళ్ల చేతికి బడి పని ఇవ్వడం సరైనదే. కాంట్రాక్టర్ అయితే ఆ తలుపులకు ఆ గడియలు పెట్టేవాడు కాదు, మేము ఒక్కో గడియ లాగి చూసి కొన్నాం. కానీ 75 శాతం పైసలు పనయ్యాక ఎప్పుడో ఇస్తామంటే, అప్పు పుట్టే ఇల్లున్న అధ్యక్షురాలి ఊళ్లోనే బడి బాగవుతుంది. కూలికి పోయే అక్క అధ్యక్షురాలైతే ఆ ఊరి పిల్లలు ఏం చేయాలి? పని మూడు ముక్కలు చేసి, ఒక ముక్క ఎంబీ రాయగానే తర్వాతి ముక్క పైసలు వేస్తే ఎవరూ మిత్తికి పోనవసరం లేదు. ఈ మాట ప్రజావాణి అర్జీలో కూడా రాశాను.

ఇప్పుడు రెండో గది ఫ్లోరింగ్‌కు, ప్రహరీకి కొత్తగా ఎస్టిమేట్ వేద్దామంటున్నారు. చేస్తానన్నాను. కాకపోతే ఈసారి కమిటీ తీర్మానంలోనే రాయించాను: ఖాతాలో ఎంత పడితే అంత పనే మొదలుపెడతాం, కప్పేసే పని ఏదైనా ఏఈ సార్ కొలత రాశాకే కప్పుతాం, ఇసుక, నీళ్ల ఖర్చు ఎస్టిమేట్‌లో లేకపోతే సంతకం పెట్టం. హెచ్ఎం సార్ కూడా దాని కింద సంతకం పెట్టారు. ఒక కాపీ మండల ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. మీకు ఆ తీర్మానం నమూనా కావాలంటే అడగండి, పంపిస్తాను.